కార్బొరేటర్ కిట్ వేశాక బండి ఇంకా మొరాయిస్తోందా? ఈ వరసలో వెతకండి

పాత కారు కార్బొరేటర్ (పెట్రోల్‌నీ గాలినీ కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) విప్పారు, కడిగారు, కొత్త కిట్ (ప్యాకింగ్‌లు, నీడిల్, డయాఫ్రమ్ అనే రబ్బరు పొర లాంటి చిల్లర భాగాలు) వేసి బిగించారు. బండి స్టార్ట్ కూడా అయింది. తీరా రోడ్డెక్కితే విజయవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగగానే ఇంజిన్ ఆగిపోతోంది. లేదా యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్క క్షణం గుటకేసి అప్పుడు అందుకుంటోంది. విప్పకముందే నయం అనిపిస్తోంది. ఇలాంటప్పుడు ఎవరి చెయ్యైనా నేరుగా పెట్రోల్, గాలి పాళ్లని సర్దే మిక్చర్ స్క్రూ మీదకే పోతుంది. నిజానికి అది ఆఖరున ముట్టుకోవాల్సిన స్క్రూ. ముందే దాన్ని తిప్పితే అసలు లోపం అలాగే ఉండి, దాని మీద ఇంకో లోపం చేరుతుంది. ఆ తర్వాత ఏది దేనివల్ల జరుగుతోందో చెప్పడం ఎంత మంచి మేస్త్రికైనా కష్టమే.

నా లెక్క ప్రకారం ఇక్కడ చేయాల్సింది ఒక్కటే. కార్బొరేటర్‌ని మళ్లీ విప్పేముందు తప్పు దానిదేనని రుజువు చేసుకోవాలి. చివరగా చెయ్యి పెట్టింది దాని మీద కాబట్టి నింద దాని మీద పడుతుంది గానీ, చాలా బళ్లలో దొంగ పక్కింట్లో ఉంటాడు.

ఇందులో మారుతి 800 ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఇళ్లలో ఇంకా మిగిలిన కార్బొరేటర్ బళ్లలో అవే ఎక్కువ. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిన్, రెండు గొట్టాల కార్బొరేటర్. పద్మిని, అంబాసిడర్‌లలోని సోలెక్స్ రకం కార్బొరేటర్‌కీ పద్ధతి ఇదే, తేడా ఉన్నచోట చెబుతాను. 2000 ప్రాంతం నుంచి వచ్చిన ఎం.పి.ఎఫ్.ఐ (కంప్యూటర్ లెక్కతో పెట్రోల్ చిమ్మే) బళ్లలో కార్బొరేటరే ఉండదు కాబట్టి వాటికి ఇది పనికిరాదు.

జాగ్రత్తలు రెండు మూడే. పని ఆరుబయట చేయండి, సెల్లారులో వద్దు. పెట్రోల్ పైపు విప్పేముందు బ్యాటరీ నెగిటివ్ తీసేయండి. సెల్ఫ్ కొట్టాల్సిన పరీక్షలకు మాత్రం మళ్లీ పెట్టక తప్పదు, అప్పుడు చుట్టూ ఒలికిన పెట్రోల్ తుడిచి, ఆరాక కొట్టండి. పక్కన ఎవరో ఒకరు సెల్ఫ్ కొడుతుంటే మీరు కార్బొరేటర్ నోట్లోకి తొంగి చూడకండి. బ్యాక్‌ఫైర్ అయితే (మంట వెనక్కి తన్నితే) కనుబొమలు పోతాయి.

ముందు కాగితం, పెన్ను

బండి ఎప్పుడు మొరాయిస్తోందో రాసుకోండి. "సరిగా నడవట్లేదు" అంటే ఏమీ చెప్పినట్టు కాదు. కార్బొరేటర్‌లో ఐడ్లింగ్‌కి (కాలు తీశాక ఇంజిన్ స్లోలో తిరగడానికి) ఒక దారి, తొక్కిన క్షణానికి ఒక దారి, నిలకడగా పోయేటప్పుడు ఇంకో దారి ఉంటాయి. లక్షణం సరిగ్గా రాస్తే సగం దారులు చూడక్కర్లేకుండానే తేలిపోతాయి.

స్లోలో నిలబడదు కానీ స్పీడులో బాగుంది అంటే ఐడిల్ దారి మూసుకుందనో, ఎక్కడో గాలి లాగుతోందనో అర్థం. తొక్కగానే తడబడి తర్వాత అందుకుంటే, తొక్కిన క్షణాన అదనంగా పెట్రోల్ చిమ్మే యాక్సిలరేటర్ పంప్‌ని అనుమానించాలి. ముప్పై, నలభైలో కాలు కదపకుండా పోతున్నా బండి ముందుకీ వెనక్కీ జర్క్ ఇస్తుంటే మిశ్రమం పల్చబడింది. అంటే పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ. ఖాళీగా బాగానే పోయి, నలుగురు ఎక్కాక కనకదుర్గ ఫ్లైఓవర్ ఎత్తులో చచ్చుబడితే మెయిన్ జెట్ (పెట్రోల్‌ని కొలిచి వదిలే సన్న రంధ్రమున్న మర), పవర్ వాల్వ్ (లోడు పడినప్పుడు అదనపు పెట్రోల్ ఇచ్చేది), లేదా ఫ్లోట్ చాంబర్‌కి (కార్బొరేటర్‌లో పెట్రోల్ నిలవుండే గిన్నెకి) పెట్రోల్ చాలకపోవడం. నల్లపొగ, పెట్రోల్ వాసన, మైలేజీ పడిపోవడం కనిపిస్తే ఫ్లోట్ లెవెల్ (ఆ గిన్నెలో పెట్రోల్ మట్టం), నీడిల్ వాల్వ్ (గిన్నె నిండగానే పెట్రోల్‌ని ఆపే సూది), పూర్తిగా తెరుచుకోని చోక్ (చల్లటి ఇంజిన్‌కి గాలి తగ్గించే మూత). చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కి పావుగంట ఆపాక స్టార్ట్ కాకపోతే అది వేరే కథ, చివర్లో చెబుతాను.

ఇంకో నియమం కూడా ఇప్పుడే పెట్టుకోండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మార్చింది రాయాలి, నడిపి చూడాలి, ఫలితం రాయాలి. ప్లగ్గులు, ఫిల్టర్, జెట్ ఒకే మధ్యాహ్నం మార్చేస్తే బండి బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. వచ్చే నెల అదే జబ్బు తిరగబెడితే మళ్లీ మొదటికే వస్తారు.

తప్పు కార్బొరేటర్‌దేనా?

ఇంజిన్ స్లోలో నడుస్తుండగా, పిడికి రబ్బరు తొడుగున్న కటింగ్ ప్లేయర్‌తో ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటీ తీసి పెట్టండి. ఏ వైరు తీసినా ఇంజిన్ ఒకేలా కుంగాలి. ఒకదాన్ని తీసినప్పుడు తేడా ఏమీ రాకపోతే ఆ సిలిండర్ పనిచేయట్లేదన్నమాట. కార్బొరేటర్ మూడు సిలిండర్లకీ కలిపి పోస్తుంది. ఒక్క సిలిండరే చచ్చిందంటే కార్బొరేటర్‌ని వదిలేసి ప్లగ్గు, వైరు, వాల్వు, లేదా ఆ సిలిండర్ దగ్గరి మానిఫోల్డ్ (కార్బొరేటర్ నుంచి సిలిండర్లకి మిశ్రమం తీసుకెళ్లే గొట్టం) ప్యాకింగ్ చూడండి. రెండు నిమిషాల ఈ పరీక్ష చేయకుండా కార్బొరేటర్ విప్పించుకున్న బళ్లు ఆటోనగర్‌లో కొల్లలు.

తర్వాత ప్లగ్గులు తీసి రంగు చూడండి. మసిలా నల్లగా, పొడిగా ఉంటే పెట్రోల్ ఎక్కువ. తెల్లగా సున్నం పూసినట్టుంటే తక్కువ. లేత ఇటుక రంగు సరైనది. అన్నీ ఒకే రంగులో ఉంటే కార్బొరేటర్ మీద అనుమానం బలపడుతుంది, ఒక్కటే వేరుగా ఉంటే బలహీనపడుతుంది. గ్యాప్ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. పాయింట్లున్న (ప్లగ్గుల నిప్పు కోసం కరెంటు తెంపే కాంటాక్టులున్న) మోడల్ అయితే పాయింట్ గ్యాప్ 0.4 నుంచి 0.5. పాయింటు కాలి గుంటపడితే కండెన్సర్‌తో సహా మార్చేయండి. పాయింటు మారిస్తే టైమింగ్ (ప్లగ్గు నిప్పు కొట్టే సమయం) కూడా మళ్లీ చూసుకోవాలి.

కార్బొరేటర్ తీసినప్పుడు చేతికి అడ్డొచ్చాయని పీకిన సన్న రబ్బరు పైపులు తిరిగి ఎక్కడ పెట్టారు? ముఖ్యంగా ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న డబ్బాకి వెళ్లే వాక్యూమ్ పైపు. అది త్రాటిల్ ప్లేట్‌కి (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే రేకుకి) పైనున్న రంధ్రానికి పోవాల్సిన బండిలో మానిఫోల్డ్‌కి తగిలిస్తే ఐడ్లింగ్‌లోనే టైమింగ్ ముందుకు జరిగిపోతుంది. అప్పుడు స్లో ఎంత తిప్పినా కుదురుకోదు. విప్పేముందు ఫోన్‌లో ఫొటో తీసుకుని ఉంటే ఇక్కడ పనికొస్తుంది. లేకపోతే అదే మోడల్ ఉన్నవాళ్ల బానెట్ తీయించి చూడండి.

పెట్రోల్ వస్తోందా, ఎలాంటి పెట్రోల్ వస్తోంది

కార్బొరేటర్‌కి వచ్చే పైపు విప్పి సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టించండి. ఇగ్నిషన్ కాయిల్ వైరు ముందే తీసేయాలి, సీసాని ఇంజిన్‌కి ఎడంగా పట్టుకోవాలి. పెట్రోల్ కొట్టుకొట్టుకుంటూ బలంగా రావాలి. సన్నగా కారితే ఫిల్టర్, పంప్, టాంకు వరసలో వెనక్కి వెళ్లండి. టాంకు మూత తీసినప్పుడు గాలి లోపలికి పోతున్న చప్పుడు వస్తే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. అలాంటి బండి కొంతదూరం బాగానే పోయి ఆగిపోతుంది, కాసేపాగితే మళ్లీ నడుస్తుంది. అది చూసి చాలామంది కార్బొరేటర్‌లో చెత్త పడిందనుకుంటారు.

మారుతి 800 పంప్‌కి మూడు పైపులు: వచ్చేది, పోయేది, టాంకుకి తిరిగెళ్లేది. తిరిగెళ్లే పైపు నలిగినా, తప్పుగా తగిలించినా నీడిల్ వాల్వ్ మీద ఒత్తిడి పెరిగి ఓవర్‌ఫ్లో అవుతుంది. ఆయిల్ గేజ్ పుల్ల తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన కొడితే పంప్ డయాఫ్రమ్ చిరిగిందనో, ఓవర్‌ఫ్లో అయిన పెట్రోల్ సిలిండర్లలోంచి కిందికి దిగిందనో లెక్క. ఏదైనా సరే, ఆయిల్ మార్చకుండా నడపొద్దు.

ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన ఇ20. పాత బండి మీద దీని ప్రభావం రెండు రకాలు. మామూలు పెట్రోల్ కిలో మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 చాలు. కలిపితే ఇ20 కి సుమారు 13.5. కొత్త బళ్లలో కంప్యూటర్ ఆ తేడాని సర్దుతుంది, కార్బొరేటర్‌కి ఆ తెలివి లేదు. పాత జెట్ల మీద అదే బండి ఏడెనిమిది శాతం పల్చగా నడుస్తుంది. ముందే పల్చన అంచులో ఉన్న బండి కిట్ వేశాక జర్కింగ్ మొదలుపెట్టడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

రెండోది రబ్బరు. పాతకాలం డయాఫ్రమ్‌లు, పైపులు ఇథనాల్‌కి ఉబ్బుతాయి, గట్టిపడతాయి. టాంకులో ఏళ్ల తరబడి పేరుకున్న జిగురుని ఇథనాల్ కడిగి ఫిల్టర్‌లోకి తెస్తుంది. అందుకే కిట్ వేసిన కొత్తలో ఫిల్టర్ ఒకసారి మార్చి, కొన్ని వందల కిలోమీటర్లయ్యాక మళ్లీ చూడండి. వానాకాలం నెలల తరబడి కదలని బండిలో ఇథనాల్ నీళ్లని పీల్చుకుని అడుక్కి దిగుతుంది. సీసాలో పట్టిన పెట్రోల్‌ని కాసేపు కదలకుండా ఉంచి, అడుగున వేరే పొర కనిపిస్తుందేమో చూడండి.

గాలి దొంగ

కిట్ వేశాక వచ్చే జబ్బుల్లో ఎక్కువగా తగిలేది ఇదే, కాబట్టి ఇక్కడ తొందరపడకండి. కొబ్బరిబొండాంలో వేసిన స్ట్రాకి మధ్యలో చిల్లు పడితే ఎంత పీల్చినా నీళ్లు రానట్టే, కార్బొరేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఎక్కడ సందున్నా ఇంజిన్ పెట్రోల్‌ని వదిలి గాలి తాగుతుంది.

మొదటి పరీక్షకు చోక్ చాలు. ఇంజిన్ వేడెక్కాక, స్లోలో తడబడుతున్నప్పుడు చోక్ నాబ్‌ని కొంచెం కొంచెంగా లాగండి. ఇంజిన్ కుదురుకుంటే మిశ్రమం పల్చగా ఉంది, అంటే గాలి లాగుతోంది లేదా ఐడిల్ దారి మూసుకుంది. ఇంకా దిగజారి ఆగిపోతే పెట్రోల్ ఇప్పటికే ఎక్కువైంది. ఈ విభాగం వదిలేసి ఫ్లోట్ దగ్గరికి వెళ్లండి.

పల్చగా ఉందని తేలితే సందు ఎక్కడో వెతకాలి. కార్బొరేటర్ అడుగు ప్యాకింగ్, మానిఫోల్డ్ కీళ్లు, పైపుల చివర్లు ఒక్కొక్కచోటే స్ప్రే సీసాతో నీళ్లు సన్నగా చల్లండి. డిస్ట్రిబ్యూటర్ మీద పడనివ్వొద్దు. ఎక్కడ చల్లినప్పుడు ఇంజిన్ చప్పుడు మారిందో అక్కడే సందు. కార్బ్ క్లీనర్ స్ప్రే వాడితే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. కానీ కాలుతున్న సైలెన్సర్ పైపు పక్కన మండే స్ప్రే కొట్టడం నాకైతే ఇష్టం ఉండదు, నీళ్లతో పని జరుగుతుంది. బ్రేక్ బూస్టర్ ఉన్న బండైతే దాని పైపుని కాసేపు ప్లేయర్‌తో నొక్కి చూడండి, చప్పుడు మారితే సందు అటువైపే.

సందు దొరికే చోట్లు చెబుతాను. కార్బొరేటర్ కింద ఉండే నల్లటి బేకలైట్ దిమ్మె వంకరపోతుంది. కిట్‌లో వచ్చిన ప్యాకింగ్‌కి రంధ్రాలు సరిగ్గా కుదరవు. మన షాపుల్లో దొరికే కిట్లలో రెండు మూడు మోడళ్ల ప్యాకింగ్‌లు కలిపి ఇస్తారు. ఏది సరైనదో పాతదాన్ని పక్కన పెట్టి రంధ్రం రంధ్రం పోల్చుకోవాలి. ఒక చిన్న రంధ్రం మూసుకుపోయినా ఒక దారి మొత్తం పోతుంది. ఇక అన్నిటికంటే ఎక్కువగా జరిగేది: లీకవుతోందని నట్లు బిర్రుగా బిగించడం. అల్యూమినియం చెవులు కిందికి వంగి మధ్యలో ఫ్లాంజ్ (కార్బొరేటర్ అడుగు పళ్లెం) పైకి లేస్తుంది, బిగించిన కొద్దీ సందు పెరుగుతుంది. కార్బొరేటర్ తీసి అడుగున స్టీల్ స్కేలు నిలువుగా ఆనించి వెలుతురుకి పట్టండి. మధ్యలో వెలుతురు గీత కనిపిస్తే మందపాటి అద్దం మీద ఎమెరీ కాగితం పరిచి, ఎనిమిది అంకె ఆకారంలో నెమ్మదిగా రుద్ది సమం చేయండి. తర్వాత గాలికొట్టి, రజను ఏ రంధ్రంలోనూ లేకుండా చూడండి.

ఇంకొకటుంది, దాన్ని ఏ కిట్టూ బాగుచేయలేదు. త్రాటిల్ షాఫ్ట్ (త్రాటిల్ ప్లేట్ తిరిగే ఇరుసు) అరుగుదల. షాఫ్ట్ చివర పట్టుకుని పైకీ కిందికీ ఆడించండి. చేతికి ఆట తెలిస్తే అక్కణ్నుంచి గాలి పోతోంది. ఇంజిన్ నడుస్తుండగా షాఫ్ట్ చివర కాస్త గ్రీజు పూసి, స్లో మారుతుందేమో చూసి ఖాయం చేసుకోవచ్చు. మారితే ఆటోనగర్‌లో లేత్ పని చేసేవాళ్ల దగ్గరికి వెళ్లి "మేస్త్రీ, షాఫ్ట్‌కి ఇత్తడి బుష్‌లు కొట్టాలి" అని అడగండి. బుష్‌ల కోసం బాడీ రంధ్రాల్ని రీమ్ చేసేటప్పుడు (నున్నగా వెడల్పు చేసేటప్పుడు) రెండు వైపులా ఒకే వరసలో రావాలని చెప్పడం మరవొద్దు. లేకపోతే త్రాటిల్ బిగుసుకుపోతుంది.

వాక్యూమ్ గేజ్ (ఇంజిన్ పీల్పుని కొలిచే మీటరు) అరువుకి దొరికితే మానిఫోల్డ్‌కి తగిలించండి. మనది సముద్రమట్టానికి దగ్గరి ప్రాంతం, ఎత్తు కోసం తగ్గింపు లెక్కలు అక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ స్లోలో 17 నుంచి 21 అంగుళాల (పాదరసం లెక్కలో) మధ్య ముల్లు కదలకుండా చూపిస్తుంది. తక్కువ దగ్గర నిలకడగా ఉంటే గాలి లాగడమో, టైమింగ్ వెనకపడటమో. ముల్లు లయగా పడుతూ లేస్తుంటే వాల్వుల సంగతి చూడాలి, కార్బొరేటర్‌ది కాదు.

ఫ్లోట్ చాంబర్

కార్బొరేటర్ పక్కన గాజు కిటికీ ఉంటే బండిని సమతలంగా నిలిపి, స్లోలో నడుస్తుండగా పెట్రోల్ మట్టం గుర్తు దగ్గర ఉందేమో చూడండి. పైకుంటే నోట్లోని మెయిన్ నాజిల్ నుంచి ఐడ్లింగ్‌లోనే పెట్రోల్ బొట్లు పడతాయి. అది జరుగుతున్నంతకాలం మిక్చర్ స్క్రూ ఎటు తిప్పినా ఫలితం ఉండదు.

మట్టం ఎక్కువైతే వరసగా మూడు చూడండి. ఫ్లోట్‌ని చెవి దగ్గర ఆడించండి, లోపల పెట్రోల్ చప్పుడైతే చిల్లుపడింది. ఇత్తడి ఫ్లోట్ అయితే వేడినీళ్లలో ముంచితే బుడగలు వస్తాయి. తర్వాత నీడిల్ వాల్వ్. మూతని తలకిందులు చేసి, ఫ్లోట్ బరువు నీడిల్ మీద పడేలా ఉంచి, పెట్రోల్ వచ్చే గొట్టానికి రబ్బరు పైపుతో ఖాళీ సిరంజి తగిలించి మెల్లగా నొక్కండి. గాలి తప్పించుకోకూడదు. కొత్తదే కదా అని వదిలేయొద్దు, కిట్‌లోని నీడిల్ సరిగా కూర్చోకపోవడం మామూలే. మూడోది సోలెక్స్ వాళ్లకి. అందులో నీడిల్ సీటు కింద వాషరు మందమే ఫ్లోట్ లెవెల్‌ని నిర్ణయిస్తుంది. పాత వాషరు పారేసి కిట్‌లోని పల్చటిది వేస్తే సీటు ఎత్తు మారి, దాంతో మట్టం మారిపోతుంది. పాతదాని మందం కొలిచి అంతే మందం వేయండి.

ఐడిల్ దారి, ఆ తర్వాతే మిక్చర్ స్క్రూ

ఫ్యూయల్ కట్ సోలినాయిడ్ (తాళం తీయగానే ఐడిల్ దారిలో పెట్రోల్‌ని ఆపే కరెంటు వాల్వ్) ఉన్న కార్బొరేటర్ అయితే ఇంజిన్ ఆపి, తాళంచెవి ఆన్ చేయండి. టిక్కుమని వినిపించాలి. వినిపించకపోతే వైరు ఊడిందేమో చూడండి. ఇంత చిన్న వైరు మరిచిపోయి కార్బొరేటర్ మూడుసార్లు కడిగించినవాళ్లు ఉంటారు.

టిక్కుమంటే స్లో జెట్ విప్పి, ఆ రంధ్రంలోంచి క్లీనర్ కొట్టండి. కళ్లద్దాలు తప్పనిసరి, అది ఎదురుకొట్టి మొహం మీదకే వస్తుంది. మిక్చర్ స్క్రూ తీసిన రంధ్రం నుంచీ, త్రాటిల్ ప్లేట్ అంచు దగ్గరి సన్నటి రంధ్రాల నుంచీ ధార రావాలి. రాకపోతే నానబెట్టి కంప్రెసర్ గాలి కొట్టాలి. స్టీలు తీగ మాత్రం పెట్టొద్దు. సోలెక్స్ జెట్ మీద 100 అని ఉంటే రంధ్రం 1 మిల్లీమీటరు అని. తీగతో పొడిచి అది 1.05 అయితే వైశాల్యం పది శాతం పెరిగినట్టే. ఇప్పటికే ఎవరైనా పొడిచి ఉంటే ఆ జెట్ మీది అంకెకి విలువ లేదు. చేపలు పట్టే నైలాన్ దారం చాలు.

ఇప్పుడు స్క్రూ. ఇంజిన్ బాగా వేడెక్కాలి, చోక్ పూర్తిగా తెరిచి ఉండాలి, ఎయిర్ ఫిల్టర్ పెట్టి ఉండాలి. స్క్రూని లోపలికి తేలిగ్గా ఆనేదాకా తిప్పి ఆపండి. బిగిస్తే మొనకి గాటు పడుతుంది, అది శాశ్వతం. అక్కణ్నుంచి ఒకటిన్నర, రెండు చుట్లు బయటికి తిప్పి స్టార్ట్ చేయండి. స్పీడ్ స్క్రూతో స్లోని 900 ఆర్‌పీఎం దగ్గర పెట్టండి. తర్వాత మిక్చర్ స్క్రూ పావు చుట్టు చొప్పున తిప్పుతూ, తిప్పిన ప్రతిసారీ కొన్ని క్షణాలాగి చెవిపెట్టండి. ఇంజిన్ ఎక్కడ అన్నిటికంటే వేగంగా, నున్నగా ఉందో అక్కడ ఆపి, స్పీడ్ మళ్లీ 900 కి దించండి. ఇంకోసారి మొత్తం చేయండి.

ఈ కార్లలో స్క్రూ త్రాటిల్ ప్లేట్‌కి కింద, ఇంజిన్ వైపు ఉంటుంది. బయటికి తిప్పితే పెట్రోల్ పెరుగుతుంది. చాలా బైకుల్లో ఉండే ఎయిర్ స్క్రూ దీనికి తలకిందులు. బైకు మెకానిక్‌కి కారు అప్పగించినప్పుడు జరిగే గందరగోళం సగం ఇక్కడిదే.

స్క్రూ పూర్తిగా మూసినా ఇంజిన్ ఆగట్లేదంటే ఏంటి? స్పీడ్ స్క్రూని చూడండి. బండి ఆగిపోతోందని ఎవరో దాన్ని బాగా లోపలికి తిప్పి ఉంటారు. త్రాటిల్ ప్లేట్ ఎక్కువ తెరుచుకుని పై రంధ్రాల నుంచి పెట్రోల్ లాక్కుంటోంది, మిక్చర్ స్క్రూకి పనే లేకుండా పోయింది. అసలు కారణం ఇంకా దొరకలేదని దానర్థం. వెనక్కి, గాలి దొంగ దగ్గరికి వెళ్లండి.

చెవి మీద నమ్మకం లేకపోతే పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే సెంటర్‌కి తీసుకెళ్లండి. ఆ మిషన్ మంచి ట్యూనింగ్ సాధనం, దాన్ని మనం సర్టిఫికెట్ కాగితానికే వాడుకుంటున్నాం. భారత్ స్టేజ్-2 కి ముందు తయారైన పెట్రోల్ కార్లకి స్లోలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం దాటకూడదు. మోనాక్సైడ్ ఎక్కువుంటే పెట్రోల్ ఎక్కువైంది. మోనాక్సైడ్ తక్కువుండి హైడ్రోకార్బన్లు ఆకాశాన్ని అంటితే పెట్రోల్ మండకుండానే బయటికి పోతోంది. అంటే మిస్సింగ్. మిశ్రమం మరీ పల్చనైనా, ప్లగ్గు సరిగా కొట్టకపోయినా అలా జరుగుతుంది.

తొక్కితే తడబాటు, ఎత్తులో నీరసం

ఇంజిన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్ తీసి, కార్బొరేటర్ నోట్లోకి చూస్తూ త్రాటిల్ లాగండి. కదిలిన క్షణమే సన్నటి ధార గొట్టంలోకి సూటిగా పడాలి. ఆలస్యంగా వచ్చినా, గోడ వెంట కారినా యాక్సిలరేటర్ పంప్ లోపమే. కడిగేటప్పుడు ప్యాసేజీలోని చిన్న స్టీలు గోళీ జారిపోయి ఉండొచ్చు, డయాఫ్రమ్ తిరగేసి పెట్టి ఉండొచ్చు. ధార బాగానే ఉండి ఇంకా తడబడితే డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ డబ్బా డయాఫ్రమ్ చూడండి.

ఎత్తులో నీరసానికి మొదట అడగాల్సిన ప్రశ్న: రెండు మెయిన్ జెట్లూ తారుమారయ్యాయా? మొదటి గొట్టానిది చిన్నది, రెండోదానిది పెద్దది. కిరోసిన్ గిన్నెలో కలిసిపోయి చూడ్డానికి ఒకేలా ఉంటాయి. వాటి పైనుండే ఎయిర్ జెట్లదీ అదే సంగతి. రెండో గొట్టం తెరిచే వాక్యూమ్ డబ్బా, దాని లింకు బిగుసుకోకుండా ఆడుతున్నాయా అన్నదీ చూడాలి.

రోడ్డు పరీక్షకి గుంటూరు వైపువాళ్లకి కొండవీడు ఘాట్ రోడ్డు ఉండనే ఉంది, నిలకడగా లోడు పడుతుంది. ఎత్తులో చచ్చుబడినప్పుడు పక్కనున్నవాళ్లని చోక్ కాస్త లాగమనండి. పుంజుకుంటే పెట్రోల్ చాలట్లేదు: జెట్, పవర్ వాల్వ్, ఫిల్టర్, పంప్. ఇంకా కుంగితే పెట్రోల్ ఎక్కువైంది, లేదా సమస్య పెట్రోల్‌దే కాదు. ఇ20 మీద మిగతావన్నీ సరిగ్గా ఉండి కూడా పల్చదనం పోకపోతే అప్పుడు మెయిన్ జెట్ ఒక్క సైజు పెంచి చూడొచ్చు. అది ఆఖరి అడుగు, మొదటిది కాదు.

రోహిణి కార్తెలో

మే నెల మధ్యాహ్నం బీసెంట్ రోడ్డు దగ్గర బండి ఆపి, పావుగంటకి తిరిగొస్తే స్టార్ట్ కాదు. ఇంజిన్ వేడికి ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోల్ మరిగి మానిఫోల్డ్‌లోకి పొంగింది. పెడల్‌ని మళ్లీ మళ్లీ తొక్కకండి, ఇంకా పోసినట్టవుతుంది. పూర్తిగా కిందికి తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి, ఎక్కువైన పెట్రోల్ గాలితో పోతుంది.

ఇది కిట్ వేశాకే మొదలైతే బేకలైట్ దిమ్మె తీసేసి ఉత్త ప్యాకింగ్ వేశారేమో చూడండి, అదే వేడిని ఆపేది. పెట్రోల్ పైపు సైలెన్సర్ దగ్గరగా పోతుంటే పక్కకి జరిపి తొడుగు వేయండి. నడుస్తూ నడుస్తూ ఎండలో ఆగిపోతే పంప్‌లో ఆవిరి పట్టింది. అంబాసిడర్ డ్రైవర్లు పంప్ మీద తడిగుడ్డ చుట్టేది ఇందుకే, ఇప్పటికీ పనిచేస్తుంది. మన ఎండలకి అక్కర్లేదని థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా రేడియేటర్‌కి నీళ్లని ఆపే వాల్వ్) పీకేసే అలవాటు ఒకటుంది. దానివల్ల ఈ వేడి జబ్బు తగ్గదు సరికదా, సంక్రాంతి చలిలో ఇంజిన్ వేడెక్కక, చోక్ నాబ్‌ని తిరిగి లోపలికి నొక్కలేక అవస్థ పడతారు. తీసేసి ఉంటే తిరిగి వేయించండి.

ఇన్నీ చూశాక కూడా షాఫ్ట్ ఆట బుష్‌తో పోనంత ఉంటే, ఫ్లాంజ్ పగిలితే, బాడీలో మరలు చెడిపోతే వేరే బాడీ చూసుకోవడమే మేలు. పాత సామాను షాపులో కొనేటప్పుడు కిట్ వేశారా అని అడగొద్దు. షాఫ్ట్ ఆడించండి, అడుగున స్కేలు పెట్టండి, జెట్ల మీద అంకెలు చదవగలిగేలా ఉన్నాయేమో, రంధ్రాల అంచుల్లో తీగ గీతలున్నాయేమో చూడండి. మీ పాత బాడీలోని జెట్లు చెడకుండా ఉంటే వాటిని విప్పి దాచుకోండి. కొత్తగా తెచ్చినదాంట్లో ఎవరు ఏ జెట్ వేశారో తెలియదు, మీ బండికి సరిపడేవి మీ దగ్గరే ఉన్నాయి.